517501: ఒక పెద్ద పూర్ణాంకాన్ని మెట్టుమెట్టుగా పరిశీలించి వర్గీకరించే విధానం

తిరుపతి ప్రధాన తపాలా కార్యాలయం పిన్ కోడ్ 517501. గాంధీ రోడ్డులో దుకాణాల బోర్డుల మీద, పెళ్లి శుభలేఖల కవర్ల మీద, బ్యాంకు పాసుపుస్తకాల మీద ఊరి జనం రోజూ చూసే సంఖ్య ఇది. పిన్ కోడ్ పద్ధతి మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. అందులో మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలు ఉన్న ప్రాంతాన్ని, మొదటి మూడంకెలు 517 ఉమ్మడి చిత్తూరు జిల్లాను, చివరి మూడంకెలు ఉత్తరం చేరవలసిన తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. తపాలా శాఖకు అది కేవలం గుర్తు. అయినా ఆరంకెలను పక్కపక్కన పెట్టి చదివితే అది ఐదు లక్షల పదిహేడు వేల ఐదు వందల ఒకటి అనే నిఖార్సైన పూర్ణాంకం, దానికి తనవైన గుణాలున్నాయి.

ఇలాంటి ఒక సంఖ్యను చేతికిస్తే దాని స్వభావాన్ని కాగితం, కలంతో ఎంతవరకు తెలుసుకోవచ్చో, ఏ వరుసలో తెలుసుకోవాలో ఈ మార్గదర్శి చెబుతుంది. పదో తరగతి గణితం వస్తే చాలు. తోడుగా చిత్తూరు ప్రధాన తపాలా కార్యాలయం సంఖ్య 517001ని కూడా తీసుకుందాం. రెండింటి మధ్య తేడా సరిగ్గా 500 మాత్రమే, కాని గుణాల్లో వాటికి చాలావరకు పొంతన లేదు. ఒక్క సూచన ముందే చెప్పాలి. భాగహారం చేసినప్పుడు "పోలేదు" అని రాసి ఊరుకోకండి, వచ్చిన శేషాన్ని కూడా రాసుకోండి. ఆ శేషాల పట్టిక ఎంత విలువైనదో ఐదో మెట్టులో తెలుస్తుంది.

మొదటి మెట్టు: పరిమాణం, హద్దులు

మొదట సంఖ్య ఏ రెండు వర్గాల మధ్య ఉందో చూడాలి. 719 × 719 = 5,16,961. 720 × 720 = 5,18,400. మన సంఖ్య ఈ రెండింటి నడుమ ఉంది కనుక దాని వర్గమూలం 719 కంటే కొద్దిగా ఎక్కువ, 720 కంటే తక్కువ. అంటే ఇది వర్గ సంఖ్య కాదు. ఘనమూలం కూడా చూద్దాం. 80 ఘనం 5,12,000, 81 ఘనం 5,31,441 కనుక ఇది ఘన సంఖ్యా కాదు.

ఈ 719 అనే హద్దును పుట పైభాగాన పెద్దగా రాసి పెట్టుకోవాలి. ఒక సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే ఆ రెండూ వర్గమూలం కంటే పెద్దవి కావడం అసాధ్యం, ఎందుకంటే అప్పుడు లబ్ధం సంఖ్యను మించిపోతుంది. కాబట్టి 517501కి 1, తాను తప్ప మరో కారణాంకం ఉంటే, 719 లోపు కనీసం ఒక ప్రధాన కారణాంకం ఉండి తీరాలి. ఐదు లక్షల పని ఏడు వందలకు దిగింది.

రెండో మెట్టు: అంకెలు చెప్పేవి, చెప్పనివి

చాలామంది పెద్ద సంఖ్యను చూడగానే అంకెలు కూడుతారు. 5 + 1 + 7 + 5 + 0 + 1 = 19. మళ్లీ కూడితే 10, ఆపైన 1. ఇందులో ఉపయోగపడే సమాచారం ఒక్కటే: 9తో భాగిస్తే శేషం 1, కనుక 3తోనూ శేషం 1. చివరి అంకె 1 కనుక ఇది బేసి సంఖ్య, 5 గుణిజం కాదు. చివరి రెండంకెలు 01 కనుక 4తో భాగిస్తే శేషం 1. చివరి మూడంకెలు 501 కనుక 8తో శేషం 5. ఈ శేషాలన్నీ తర్వాత అక్కరకు వస్తాయి.

అంకెల మీద ఆధారపడిన మరికొన్ని ముచ్చటలు ఉన్నాయి. తిరగేసి చదివితే 105715 వస్తుంది, అంటే ఇది రెండు వైపుల నుంచీ ఒకేలా చదివే సంఖ్య కాదు. అంకెల వర్గాలను పదేపదే కూడుతూ పోతే 101, 2, 4, 16, 37, 58, 89, 145, 42, 20, మళ్లీ 4 అని చక్రంలో చిక్కుకుంటుంది, ఎప్పటికీ 1కి చేరదు. ఇవి సరదాగా ఉంటాయి, పిల్లలకు కూడికలు నేర్పడానికి బాగుంటాయి. కాని ఇవి సంఖ్య గుణాలు కావు, మనం దాన్ని పది ఆధారంగా రాసే పద్ధతి గుణాలు. అదే సంఖ్యను రెండు ఆధారంగా రాస్తే 1111110010101111101 అవుతుంది, అప్పుడు పై అంకెల వరుసలేవీ నిలవవు. ప్రధాన సంఖ్య అవునా కాదా, ఎన్ని కారణాంకాలు ఉన్నాయి, రెండు వర్గాల మొత్తమా వంటి ప్రశ్నలకు సమాధానం ఏ ఆధారంలో రాసినా మారదు. వర్గీకరణ అంటే నా దృష్టిలో ఈ రెండో రకం ప్రశ్నలే. ఆరంకెలను కూడి జాతకం చెప్పేవారు తిరుపతిలోనూ ఉన్నారు కాని, దానికీ గణితానికీ సంబంధం లేదు.

మూడో మెట్టు: మూడేసి అంకెల గుంపులు

7, 11, 13లకు విడివిడిగా సూత్రాలు వల్లె వేయనక్కరలేదు. 7 × 11 × 13 = 1001 అన్న ఒక్క సంగతి గుర్తుంటే చాలు. 1001 గుణిజాలను తీసేస్తే వెయ్యి అనేది −1తో సమానంగా పనిచేస్తుంది కనుక, సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒక గుంపులోంచి పక్క గుంపును తీసివేస్తే సరిపోతుంది. 517501కి 501 − 517 = −16. దీన్ని 7తో భాగిస్తే శేషం 5, 11తో 6, 13తో 10. మూడింటిలో ఏదీ కారణాంకం కాదని ఒక్క తీసివేతతో తేలిపోయింది.

ఇలాగే 27 × 37 = 999. ఇక్కడ వెయ్యి 1తో సమానం కనుక గుంపులను కూడాలి. 517 + 501 = 1018, అందులోంచి 999 తీసేస్తే 19. కాబట్టి 37తో శేషం 19.

ఇదే పరీక్షను చిత్తూరు సంఖ్యకు పెట్టి చూడండి. 517 + 001 = 518. ఇది 37 × 14. ఆ క్షణంలోనే చిత్తూరు గుట్టు బయటపడింది: 517001కి 37 కారణాంకం. భాగఫలం కూడా నోటిలెక్కతో వస్తుంది. 517001 అంటే 518000 − 999, అంటే 37 × 14000 − 37 × 27, అంటే 37 × 13973.

నాలుగో మెట్టు: శేషాల పట్టిక

ఇక అసలైన శ్రమ. 719 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 128, వాటిలో చివరిది 719 తానే. ఎరటోస్తనీస్ జల్లెడతో ఆ జాబితాను ముందు తయారు చేసుకోవాలి. 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23 గుణిజాలను కొట్టివేస్తే చాలు, ఎందుకంటే తర్వాతి ప్రధానం 29 వర్గం 841, అది 719ని దాటిపోయింది.

పొడుగు పుస్తకంలో ఒక పేజీని నాలుగు నిలువు గళ్లుగా గీయండి: భాజకం, భాగఫలం, లబ్ధం, శేషం. మచ్చుకు కొన్ని వరుసలు:

17 – 30441 – 517497 – 4
23 – 22500 – 517500 – 1
41 – 12621 – 517461 – 40
97 – 5335 – 517495 – 6
353 – 1466 – 517498 – 3
619 – 836 – 517484 – 17
719 – 719 – 516961 – 540

లబ్ధం గడిని వదిలేయాలనిపిస్తుంది కాని వదలకండి, తప్పు పట్టుకునేది అదే. భాజకం చివరి అంకెను భాగఫలం చివరి అంకెతో గుణిస్తే వచ్చే చివరి అంకె, లబ్ధం చివరి అంకెతో సరిపోవాలి. లబ్ధం, శేషం కూడితే చివర 1 రావాలి. ఈ రెండు చూపులు ప్రతి వరుసకు రెండు క్షణాలు కూడా పట్టవు. వీలైన చోట గుండ్రని సంఖ్యల నుంచి బయలుదేరండి. ఉదాహరణకు 199ని 2600 సార్లు వేస్తే 517400, శేషం 101, కాగితం మీద భాగహారమే అక్కరలేదు.

పట్టిక పూర్తయ్యేసరికి శేషం గడిలో ఒక్క సున్నా కూడా ఉండదు. అంటే 517501 ప్రధాన సంఖ్య. 1, తాను తప్ప దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య లేదు.

ఇది ఎంత అరుదు? ప్రధాన సంఖ్యా సిద్ధాంతం ప్రకారం ఒక పెద్ద సంఖ్య పరిసరాల్లో ప్రధాన సంఖ్యల సాంద్రత సుమారుగా దాని సహజ సంవర్గమానంలో ఒక వంతు. 517501 సహజ సంవర్గమానం 13.16 దాకా ఉంటుంది, కనుక ఆ చుట్టుపక్కల దాదాపు 13 సంఖ్యల్లో ఒకటి ప్రధానం. ఐదు లక్షల లోపు మొత్తం 41,538 ప్రధాన సంఖ్యలు ఉన్నాయన్న లెక్కతో ఇది పొసగుతుంది. మరీ అద్భుతం కాదు, కాని ఊరి పిన్ కోడ్ ప్రధాన సంఖ్య కావడం తిరుపతి పిల్లలకు చెప్పదగిన సంగతే.

ఐదో మెట్టు: అదే పట్టికతో ఇరుగుపొరుగులు

శేషాలను ఎందుకు దాచమన్నానో ఇప్పుడు చూడండి. 517499 అంటే 517501 − 2. ఒక ప్రధానం 517499ని భాగించాలంటే మన పట్టికలో దాని శేషం సరిగ్గా 2 అయి ఉండాలి. పట్టికను పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ రండి. 1 ఉంది, 3 ఉంది, 4 కొన్ని చోట్ల ఉంది, 2 ఎక్కడా లేదు. కొత్తగా ఒక్క భాగహారం చేయకుండానే 517499 కూడా ప్రధాన సంఖ్య అని తేలింది. రెండూ కలిసి కవల ప్రధాన సంఖ్యలు. కవలలు అనంతంగా ఉన్నాయా లేదా అన్నది ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. 2013లో యీటాంగ్ జాంగ్ అనే గణిత శాస్త్రవేత్త, తేడా ఏడు కోట్లకు మించని ప్రధానాల జంటలు అనంతమని నిరూపించాడు, ఆ తర్వాత ఆ హద్దును 246కి దించారు. ఈ ప్రశ్నకు సంబంధించిన ఒక జంట మన ఊరి చిరునామాలో కూర్చుని ఉంది.

కవలల నడుమ ఉన్న 517500 తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 517500 = 2² × 3² × 5⁴ × 23. ప్రతి ఘాతానికి ఒకటి కలిపి గుణిస్తే కారణాంకాల సంఖ్య వస్తుంది: 3 × 3 × 5 × 2 = 90. ఇద్దరు పొరుగువారికి చెరి రెండు కారణాంకాలు ఉంటే, మధ్యవాడికి తొంభై. కారణాంకాల మొత్తం (1 + 2 + 4)(1 + 3 + 9)(1 + 5 + 25 + 125 + 625)(1 + 23) = 7 × 13 × 781 × 24 = 17,05,704. ఇందులోంచి తనను తీసేస్తే 11,88,204, అంటే తనకంటే రెట్టింపును మించి ఉంది. తాను కాక మిగతా కారణాంకాల మొత్తం తనను మించింది కనుక ఇది మిగులు సంఖ్య. అంకెల మొత్తం 18 కూడా దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. 3, 5 అన్న మొదటి జంటను వదిలేస్తే, కవల ప్రధానాల నడుమ ఉండే సంఖ్య ఎప్పుడూ 6 గుణిజమే. వరుసగా ఉన్న మూడు సంఖ్యల్లో ఒకటి 3 గుణిజం కావాలి, అటూ ఇటూ ఉన్నవి ప్రధానాలు కనుక అది మధ్యదే కావాలి. పైగా అది సరి సంఖ్య కూడా.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతం పిన్ కోడ్ 517502. దానికి కావలసింది భాజకం కంటే 1 తక్కువ ఉన్న శేషం. పై మచ్చులోనే 41కి ఎదురుగా 40 ఉంది చూడండి. కనుక 41 దాన్ని భాగిస్తుంది, సరి సంఖ్య కనుక 2 కూడా. 517502 = 2 × 41 × 6311. మిగిలిన 6311 వర్గమూలం 80 లోపే. అంతవరకు మన పట్టికలో 2, 41 తప్ప మరే ప్రధానానికీ "ఒకటి తక్కువ" శేషం లేదు, 6311ను 41తో మళ్లీ భాగించినా పోదు. కనుక 6311 ప్రధానమే.

ఆరో మెట్టు: సంయుక్త సంఖ్య ఎదురైతే

చిత్తూరు సంఖ్యకు 37 దొరికింది, మిగిలింది 13973. పని ఇక్కడ ఆపకూడదు, మిగిలిన దాన్ని మళ్లీ మొదటి మెట్టు నుంచి పరీక్షించాలి. 118 వర్గం 13924, 119 వర్గం 14161, కనుక హద్దు 118కి దిగింది. 37 కంటే చిన్న ప్రధానాలతో 517001ని భాగించి చూస్తే ఏదీ పోదు కాబట్టి 37తో మరోసారి మొదలుపెట్టి (ఒకే ప్రధానం రెండుసార్లు రావచ్చు, దీన్ని చాలామంది మరచిపోతారు) 41, 43, 47 అంటూ వెళితే 89 దగ్గర ఆగుతాం: 89 × 157 = 13973. 157 ప్రధానం.

517001 = 37 × 89 × 157.

ప్రధాన కారణాంకాల లబ్ధం చేతికొచ్చాక మిగతా వర్గీకరణ అంతా గుణకారాలే. మూడు వేర్వేరు ప్రధానాలు ఒక్కొక్కసారి వచ్చాయి కనుక ఏ వర్గ సంఖ్యా దీన్ని భాగించదు. కారణాంకాలు 2 × 2 × 2 = 8, అవి 1, 37, 89, 157, 3293, 5809, 13973, 517001. వాటి మొత్తం 38 × 90 × 158 = 5,40,360. తనను మినహాయిస్తే 23,359 మాత్రమే, కనుక ఇది లోటు సంఖ్య. తనకంటే చిన్నవై, తనతో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 36 × 88 × 156 = 4,94,208. ఈ చివరి లెక్కను ఆయిలర్ ప్రమేయం అంటారు. ప్రధాన సంఖ్యకు అది ఎప్పుడూ తనకంటే ఒకటి తక్కువ, 517501కి 5,17,500.

మూడు ప్రధాన కారణాంకాలు ఉండటం ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నకు కూడా సమాధానం ఉంది. హార్డీ, రామానుజన్ 1917లో చూపిన ఫలితం ప్రకారం ఒక మామూలు సంఖ్యకు ఉండే వేర్వేరు ప్రధాన కారణాంకాల సంఖ్య, దాని సంవర్గమానానికి మళ్లీ సంవర్గమానం తీస్తే వచ్చే విలువకు దగ్గరగా ఉంటుంది. ఐదు లక్షల పైచిలుకు సంఖ్యలకు ఆ విలువ 2.6 మాత్రమే. ఈ లెక్కన చిత్తూరు సంఖ్య సగటు మనిషి లాంటిదే, దాని ప్రత్యేకత వేరే చోట ఉంది.

ఏడో మెట్టు: రెండు వర్గాల మొత్తం

ఈ మెట్టు మీద నాకు ప్రత్యేకమైన మక్కువ. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. ఫెర్మా 17వ శతాబ్దంలో ఈ మాట చెప్పాడు, ఆయిలర్ 18వ శతాబ్దంలో నిరూపించాడు. 517501ని 4తో భాగిస్తే శేషం 1 అని రెండో మెట్టులోనే రాసుకున్నాం. కాబట్టి ఆ రెండు వర్గాలు ఎక్కడో ఉండాలి. 1 నుంచి 719 వరకు ఒక్కొక్కటే ప్రయత్నించడం అనవసరం, శేషాలతోనే వల బిగించవచ్చు.

మొదట 5 సంగతి. వర్గ సంఖ్యను 5తో భాగిస్తే మిగిలేది 0, 1 లేదా 4. మన సంఖ్యకు శేషం 1. రెండు వర్గ శేషాలు కూడి 1 కావాలంటే ఒకటి 0, మరొకటి 1 కావడం తప్ప మార్గం లేదు. కనుక రెండు సంఖ్యల్లో ఒకటి 5 గుణిజం, దాని వర్గం 25 గుణిజం. 517501ని 25తో భాగించినా శేషం 1 కనుక, రెండో దాని వర్గం 25తో 1 మిగల్చాలి. అంటే ఆ రెండోది 25 గుణిజానికి ఒకటి ఎక్కువ లేదా ఒకటి తక్కువ: 1, 24, 26, 49, 51, అలా 699, 701 వరకు మొత్తం 57 సంఖ్యలు. 719 అవకాశాలు ఒక్క వాక్యంతో 57కి తగ్గాయి.

ఇదే తర్కం 3కి, 9కి వర్తిస్తుంది. 517501ని 9తో భాగిస్తే శేషం 1, కనుక మన అభ్యర్థి 3 గుణిజమైనా కావాలి, 9తో భాగిస్తే 1 లేదా 8 అయినా మిగలాలి. తర్వాత 8 సంగతి. బేసి సంఖ్య వర్గాన్ని 8తో భాగిస్తే ఎప్పుడూ 1 మిగులుతుంది, మన సంఖ్యకు 5 మిగులుతుంది, కనుక సరి సంఖ్య వర్గం 4 మిగల్చాలి. అంటే ఆ సరి సంఖ్య ఒక బేసి సంఖ్యకు రెట్టింపు. దాని వర్గం 32తో 4 మిగులుస్తుంది, 517501 32తో 29 మిగులుస్తుంది, కనుక బేసి సంఖ్య వర్గం 25 మిగల్చాలి. ఆ బేసి సంఖ్యను 16తో భాగిస్తే 5 లేదా 11 రావాలి. ఈ జల్లెడలన్నీ పట్టాక మిగిలేవి పన్నెండే: బేసి వైపు 251, 501, 549, 651, 699, సరి వైపు 26, 126, 174, 226, 426, 474, 674.

ఒక్కొక్క దాని వర్గాన్ని 517501లోంచి తీసి, మిగిలింది వర్గమేమో చూడాలి. 174తో దాదాపు దొరికినట్టే అనిపిస్తుంది: మిగిలేది 487225, 698 వర్గం 487204, తేడా 21. దగ్గరగా రావడం గణితంలో లెక్కలోకి రాదు, ముందుకు వెళ్లాలి. 699 వర్గం 488601. తీసివేస్తే 28900. అది 170 వర్గం.

517501 = 699² + 170². మిగిలిన పదకొండింటిలో ఏదీ కుదరదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలిగి, ఆ రెండు సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం లేకపోతే ఆ సంఖ్య ప్రధానమని ఆయిలర్ చూపాడు. 699కి, 170కి గ.సా.భా. 1. కాబట్టి నాలుగో మెట్టులోని 128 భాగహారాలతో ఏ సంబంధం లేకుండా, పన్నెండు తీసివేతలతో 517501 ప్రధానమని రెండోసారి రుజువైంది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరినప్పుడే చేతిలెక్క మీద పూర్తి భరోసా వస్తుంది. అదనంగా పైథాగరస్ త్రికం కూడా దొరుకుతుంది: 699² − 170² = 459701, 2 × 699 × 170 = 237660, కనుక 459701, 237660 భుజాలుగా ఉన్న లంబకోణ త్రిభుజానికి కర్ణం సరిగ్గా 517501.

చిత్తూరు సంఖ్య ఇక్కడ తన ప్రత్యేకత చూపిస్తుంది. 37, 89, 157 మూడూ 4తో భాగిస్తే 1 మిగిలేవే. 37 = 6² + 1², 89 = 8² + 5², 157 = 11² + 6². వీటిని కలపడానికి బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628 నాటికే ఇచ్చిన సూత్రం ఉంది:

(క² + ఖ²)(గ² + ఘ²) = (కగ − ఖఘ)² + (కఘ + ఖగ)²

ఇందులో ఖ గుర్తును మార్చితే రెండో రూపం వస్తుంది. మొదట 37, 89లను కలిపితే 3293 = 43² + 38² = 53² + 22². ఒక్కొక్క దాన్ని 157తో రెండు విధాలుగా కలిపితే మొత్తం నాలుగు:

517001 = 245² + 676² = 701² + 160² = 451² + 560² = 715² + 76².

ఇంతకు మించి లేవు. 4తో భాగిస్తే 1 మిగిలే వేర్వేరు ప్రధానాలు ఒక్కొక్కసారే వచ్చినప్పుడు, అవి మూడు ఉంటే నాలుగు రూపాలు, రెండు ఉంటే రెండు, ఒక్కటే ఉంటే ఒకటి. ఏదైనా ప్రధానం 4తో 3 మిగిల్చేదై, బేసి ఘాతంతో వస్తే ఒక్క రూపం కూడా ఉండదు. 517499 అలాంటిదే. దాన్ని రెండు వర్గాల మొత్తంగా రాయడం ఎవరి తరమూ కాదు.

ఎనిమిదో మెట్టు: యంత్రంతో సరిచూసుకోవడం

ఆరంకెల సంఖ్యకు చేతిలెక్క సరిపోతుంది, ఇరవై అంకెలు దాటితే సరిపోదు. అక్కడ వాడే పరీక్షలకు మూలం ఫెర్మా చిన్న సిద్ధాంతం: 517501 ప్రధానమైతే 2ను 517500వ ఘాతానికి పెంచి 517501తో భాగిస్తే శేషం 1 రావాలి. ఘాతం పెద్దదైనా ఒక్కొక్కసారి వర్గం చేస్తూ, శేషం తీసుకుంటూ వెళితే 18 వర్గాలతో పని పూర్తవుతుంది. ఈ పరీక్షలో విఫలమైన సంఖ్య ఖాయంగా సంయుక్తం. నెగ్గినంత మాత్రాన ప్రధానమని చెప్పలేం. 1024 = 341 × 3 + 1 కనుక 341 ఈ పరీక్షలో నెగ్గుతుంది, కాని 341 = 11 × 31. మిల్లర్, రాబిన్ పేర్లతో ఉన్న పరీక్ష ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. ఎంత పెద్ద సంఖ్యనైనా సందేహానికి తావు లేకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే హద్దులో ఉండే సమయంలో తేల్చగల పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూరుకు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు.

లినక్స్ కంప్యూటరు ఉంటే ఫ్యాక్టర్ అనే ఆదేశం పక్కన సంఖ్యను ఇస్తే కారణాంకాలు వచ్చేస్తాయి. ముందు చేత్తో చేసి, తర్వాతే యంత్రాన్ని అడగమని నా సలహా. శేషాల పట్టిక ఇచ్చే పొరుగు సంఖ్యల వివరాలు యంత్రం తనంతట తాను చెప్పదు.

అభ్యాసానికి ఒకటి మిగిలింది. తిరుపతిలోనే అలిపిరి రోడ్డు వైపు చిరునామాల్లో కనిపించే పిన్ కోడ్ 517507. ఇది 517501 + 6. పట్టికలో శేషానికి 6 కలిపితే భాజకానికి గాని దాని గుణిజానికి గాని సమానమయ్యే వరుస కోసం వెతకండి. 67కి ఎదురుగా శేషం 60 ఉంటుంది, 61 ఉండి ఉంటే పని అయిపోయేది. 7కి 5 + 6 = 11, అది 7 గుణిజం కాదు. 13కి 10 + 6 = 16, అదీ కాదు. 719 వరకు వెళ్లినా అలాంటి వరుస దొరకదు. 517507 కూడా ప్రధాన సంఖ్యే. నడుమ ఉన్న బేసి సంఖ్యలు 517503ను 3, 517505ను 5 భాగిస్తాయి కనుక 517501 తర్వాత వచ్చే మొదటి ప్రధానం అదే.